బెంచీ మీద భద్రమ్మ

ఖమ్మం,
9 జూన్ 2025

చిన్నమ్మా,

బాగున్నావా అని అడగను. బాగుంటే నువ్వే రాస్తావు. ఫోన్లో మాట్లాడటం మనిద్దరికీ కుదరదు. నువ్వు సిగ్నల్ కోసం పర్ణశాల రోడ్డు దాకా నడిచి వస్తావు, నేను ఒక మాట గట్టిగా అనగానే కట్ చేస్తావు, మళ్ళీ అంత దూరం ఏడ్చుకుంటూ నడిచిపోతావు. కాగితం మీద ఎంత అరిచినా నీ చెవి నొప్పెట్టదు. అందుకే రాస్తున్నా. పోస్టాయన మీ అంగన్‌వాడీ ముందునుంచే కదా పోయేది.

విషయం ముందే చెప్పేస్తా. అమ్మ చనిపోయిన ఆసుపత్రిలో ఉద్యోగానికి పెట్టుకున్నా. వచ్చే నెల ఇంటర్వ్యూ.

పని ఏందంటే, తలుపు లోపలికి రాగానే అద్దం వెనక కూర్చుంటారు చూడు, అది. వచ్చినవాళ్ళ పేరు, ఊరు అడిగి కంప్యూటర్లో ఎక్కించాలి. ఓపీ చీటీ చేతికివ్వాలి. డాక్టర్ గది ఖాళీ అయినప్పుడల్లా తర్వాతి పేషెంటును మైకులో పిలవాలి. దానికి వాళ్ళు మెడికల్ అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్ అని మూరెడు పేరు పెట్టారు. డిగ్రీ ఉంటే మంచిదన్నారు, లేకపోతే పని రావాలన్నారు. నాకు పని వచ్చు. జిరాక్స్ షాపులో గిరాకీ లేనప్పుడల్లా టైపింగు నేర్చుకున్నా. ఆసుపత్రి మాటలు ఫోన్లో వీడియోలు చూసి బట్టీ పట్టా. నాకు ఎవడూ నేర్పలేదు, నేర్పుతానంటే వినే ఓపికా నాకు లేదు. ఒక్క దీవెన తప్ప.

దీవెన నా రూమ్మేటు. మణుగూరు పిల్ల. ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా రోజులు ఆ అద్దం వెనక కూర్చుంటుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంకా మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోతోంది. ఖాళీ అయ్యేది ఆమె కుర్చీయే. అమ్మ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే జాలి చూపిస్తుంది. జాలి చూపిస్తే నాకు కొట్టాలనిపిస్తుంది.

సేవ చేద్దామని పోవట్లేదు చిన్నమ్మా. రెండేళ్ళుగా మా షాపు గుమ్మంలోంచి రోడ్డుకు అవతల ఆ తలుపు చూస్తూనే ఉన్నా. అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, పేరు కూడా పిలవకుండా వదిలేసిన మనిషెవరో నాకు తెలియాలి. దీవెనకు ముందు ఆ కుర్చీలో ఎవరున్నారో లోపలికి పోతేనే తెలుస్తుంది. తెలిశాక ఏం చేస్తానో ఇంకా అనుకోలేదు. జుట్టు పట్టుకుంటానేమో.

ఆ రోజు నేను హైదరాబాద్‌లో మందుల కంపెనీలో అట్టపెట్టెలు అతికిస్తున్నా. పక్కన ఉన్నది నువ్వు. "మన వంతు రానియ్యలే బిడ్డా" అన్నావు, అంతే. ఇంతవరకు ఇంకో ముక్క చెప్పలేదు. ఇప్పుడు రాయి. మొదటినుంచి చివరిదాకా ఏం జరిగిందో రాయి. నాకు అది కావాలి.

పుష్పలత


ఇప్పలగూడెం,
19 జూన్ 2025

బిడ్డా పుష్పా,

నీ ఉత్తరం పిల్లలకు గుడ్లు పెట్టేటప్పుడు అందింది. చదివి రెండు గుడ్లు కింద పడేసిన. టీచరమ్మ తిట్టింది.

నీకు ఖమ్మంల ఇంకో తావే దొరకలేదా? ఇన్ని దుకాణాలున్నయి, ఇన్ని ఆఫీసులున్నయి. నా అక్కను మింగిన గడపలకే పోయి వాళ్ళకు ఊడిగం చేస్తవా? వాళ్ళు నెత్తురు గుడ్డలు నీతోటి పిండిస్తరు. నీకు చదువుందని చెప్పుకున్నా వినరు. అడవోళ్ళంటే వాళ్ళకు చీపురు పట్టేటోళ్ళే. మా అంగన్‌వాడీల ఆయా పోస్టు ఇంకోటి పడుద్దంటున్నరు. నువ్వు రా. మనింట్ల ఉందువు. ఈయేడు ఇప్ప పువ్వు నేనొక్కదాన్నే ఏరుకున్న. సంచి మొయ్యలేకపోయిన.

అప్పటి ముచ్చట అడగకు. అక్క ఇంకా పోలేదు. ఈ మాట నీకు చెప్పొద్దనుకున్న గానీ చెప్తున్న. పొద్దుగూకేటప్పుడు పెరట్లకెళ్ళి పిలుస్తున్నది. "ఎర్రీ, ఎర్రీ" అని. ఎర్రమ్మను పట్టుకొని ఎర్రీ అనేది లోకంల అక్క ఒక్కతే. రెండుసార్లు వినపడుద్ది, మళ్ళ ఉండదు. నేను పలకను. పొయ్యిల కట్టె ఎగదోసుకుంట కూసుంట. పలకకపోతే పాపమనిపిస్తది, పలుకుతామంటే వణుకొస్తది. పెద్దలల్ల కలిపినం, మేకను కోసినం, బువ్వ పెట్టినం. అయినా ఎందుకు పిలుస్తున్నదో తెలుస్తలేదు.

గిసొంటప్పుడు నువ్వు ఆ దవాఖానా మెట్లెక్కుతానంటున్నవు. నా మాట విను.

మీ చిన్నమ్మ ఎర్రమ్మ


ఖమ్మం,
29 జూన్ 2025

చిన్నమ్మా,

గుడ్డలు పిండే పని కాదని రాశా కదా, సరిగ్గా చదువు. కుర్చీ. ఫ్యాను కింద కుర్చీ. కంప్యూటర్ ముందు కూర్చునే పని.

పెరట్లో పిలిచేది అమ్మ కాదు. గుడ్లగూబ అయ్యుంటుంది, లేకపోతే పైగూడెం వాళ్ళెవరో మేకను పిలుస్తుంటారు. నీకు నిద్ర చాలట్లేదు. నువ్వు ఆ రోజు సంగతి దాటేయడానికి దయ్యాన్ని మధ్యలోకి తెచ్చావని నాకు అర్థమైంది. నేను చిన్నపిల్లను కాను.

ఇక్కడ మా ప్రాక్టీసు సంగతి విను. దీవెన మంచం మీద కూర్చుని సార్ అవుతుంది. దుప్పటి కోటులా కప్పుకుంటుంది. నేను తలుపు కొట్టి లోపలికి రావాలి.

"యువర్‌సెల్ఫ్ గురించి చెప్పమ్మా."

"నా పేరు పుష్పలత. మాది పర్ణశాల దగ్గర ఇప్పలగూడెం."

"నవ్వుకుంట చెప్పవే. ఎవలనో పొడవనీకె వచ్చినట్టు నిలబడ్డవ్."

"పొడవనీకె కాదు, ఉద్యోగానికి వచ్చిన."

"అబ్బో, తెల్వదు మరి! సరే. పేషెంటు చుట్టమొకడు కోపంతోని నీ మీద అరుస్తున్నడు. ఏం చేస్తవ్?"

"నేను గూడ అరుస్తా."

చెప్పు తీసి విసిరింది. ఇంకో ప్రశ్న: పేషెంటు జబ్బు ఏందో పక్కవాడు అడిగితే చెప్పొచ్చా? చెప్పొద్దట, తమ్ముడైనా సరే. అది నాకు నచ్చింది. మన ఊళ్ళో ఒకరికి విరేచనాలు పట్టుకుంటే సంతంతా తెలుస్తుంది. ఇంకా ఉన్నాయి. స్ట్రెచర్ మీద వచ్చినవాడిని ముందు లోపలికి పంపాలి, పేరు తర్వాత అడగాలి. ముసలివాళ్ళను ఆధార్ ఏదని కసురుకోకూడదు. ఇవన్నీ కాగితం మీద ఎంత బాగుంటాయో చూడు. చదువుతుంటే అమ్మ అసలు చావాల్సిన మనిషే కాదనిపిస్తుంది.

ఇక మైకు. దీవెన దువ్వెనను మైకులా పట్టుకుని చూపించింది. గొంతు సన్నగా, మెత్తగా పెట్టి, "టోకెన్ పన్నెండు, ఫలానా అమ్మ, ఒకటో నెంబరు గదికి రావాలి." ఒకసారి. కాసేపు ఆగి ఇంకోసారి. రాకపోతే తర్వాతి పేరు. టీకి పోయారనో, బాత్రూముకు పోయారనో అనుకుని వదిలేయడమే. అక్కడి రూల్ అది.

నేను పిలిచా. ఎవరి పేరు పెట్టాలో తోచక నోటికొచ్చిన పేరు పెట్టా. పిలిచాక గదిలో ఇద్దరమే ఉన్నా ముగ్గురం ఉన్నట్టయింది. తలుపు పక్కన మనిషి కూర్చుంటే గోడకు నీడ పడుతుంది కదా, అట్లాంటిది. తిరిగి చూస్తే బట్టలు తగిలించిన మేకు. నీ ఉత్తరం చదవకపోయుంటే నాకు ఈ పిచ్చి పట్టేది కాదు.

ఇంకోటి. దీవెన నన్ను చెవిటిమాలోకం అంటోంది. "ఏందే, బాత్రూమ్ కాడికెళ్ళి పిలిస్తే పలకవ్? రెండు మాట్లు పిలిచిన. మూడోసారి అరిస్తేగాని ఊ అనవు." హైదరాబాద్ కంపెనీలో సూపర్‌వైజర్ కూడా ఇదే మాట అనేవాడు. నాకు వినబడుతుంది. ఎందుకు పలకనో నాకే తెలియదు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు ఆ రోజు సంగతి ఎందుకు చెప్పవో నేనొకటి అనుకుంటున్నా. అమ్మను బెంచీ మీద వదిలి నువ్వు ఎక్కడికో పోయావు. అన్నం తినడానికో, బస్సు కనుక్కోవడానికో. అవునా? అయితే అవునని రాయి. తిడతాను, తర్వాత మర్చిపోతాను. చెప్పకపోతే మర్చిపోలేను.

పుష్పలత


ఇప్పలగూడెం,
8 జూలై 2025

పుష్పా,

నేను అక్కను ఇడిచిపెట్టి పోలేదు. నీళ్ళు తాగడానికి గూడ లేవలేదు. నా చెయ్యి ఆమె చేతిలనే ఉన్నది. గట్ల రాయడానికి నీకు చెయ్యెట్ల వచ్చిందే?

అడిగినవు గద, రాస్తున్న. చదువుకో.

భద్రాచలంల సూది వేసి, ఖమ్మం తీస్కపోండి అన్నరు. జీపుల పోయినం. అక్కకు ఒళ్ళు కాలుతున్నది, ఆయాసం. లోపటికి పోతే అద్దంల నుంచి చిట్టీ ఇచ్చి కూసోమన్నరు. గోడ పొంటి బెంచీ మీద కూసున్నం. శానా మంది ఉన్నరు. అక్క నా భుజం మీద తల పెట్టుకున్నది గానీ తెలివిలనే ఉన్నది. "ఈడ చల్లగున్నదే ఎర్రీ" అన్నది.

జరసేపటికి గోడకున్న డబ్బాల నుంచి అక్క పేరు వినవడ్డది. భద్రమ్మా అని. ఆడపిల్ల గొంతు. శానా తియ్యగున్నది, చర్చిల పాట పాడే పిల్లల గొంతు లెక్క. మనిషి కనవడతలేదు. గోడలకెళ్ళి వస్తున్నది. అక్క నా చెయ్యి పిసికింది. నేను గూడ పిసికిన. ఇద్దరం గమ్మునున్నం.

నీకు తెల్వంది కాదు. మనిషి కనవడకుండ పేరు పెట్టి పిలిస్తే మనం మొదటిసారి పలకం. రెండోసారి గూడ పలకం. మూడోసారి పిలిస్తే బతికున్న మనిషి పిలిచినట్టు. అడివిల మనల్ని తప్పదారి పట్టియ్యడానికి పిలిచేటియి రెండుసార్లే పిలుస్తయి, మూడోది వాటికి రాదు. నువ్వు చిన్నప్పుడు బీడీ ఆకుకు మాతోటి వచ్చినప్పుడు నీ నోరు నేనే మూసిపట్టుకునేదాన్ని. యాదికి లేదా?

రెండోసారి గూడ పిలిచింది. అక్క నడుం నిటారుగ చేసుకున్నది, మూడోది పిలవంగనే లేవాలని. చీర గూడ సర్దుకున్నది.

మూడోది పిలవలేదు. వేరే మొగాయన పేరు పిలిచిండ్రు. ఆయన లేచి పోయిండు. అప్పుడు మేం ఏమనుకున్నమంటే, అది మన పిలుపు కాదు, మన వంతు ఇంకా రాలేదు అనుకున్నం. కూసున్నం. డబ్బా ఎవల్నో పిలుస్తనే ఉన్నది. అక్క తల మళ్ళ నా భుజం మీద పెట్టింది. బరువయ్యేదాక నాకు తెల్వలేదు. నేను మొత్తుకుంటే అప్పుడు ఉరికొచ్చిండ్రు. అప్పటికే అయిపోయింది.

ఇదే జరిగింది. మూడోసారి పిలవని వాళ్ళు మనుషులేనా? నేను చెప్పనిది ఎందుకంటే, చెప్తే మళ్ళ ఆ బరువు భుజం మీదికొస్తది. ఇప్పుడు గూడ వచ్చింది. ఉత్తరం ఆపుతున్న.

ఎర్రమ్మ


ఖమ్మం,
17 జూలై 2025

చిన్నమ్మా,

పిలిచారా. అమ్మను పిలిచారా.

రెండేళ్ళు నేను అన్నం తిన్నది పిలవలేదన్న కోపంతో. నిద్ర లేచింది ఆ కోపంతో. షాపులో ఆధార్ కార్డులు గాజు మీద బోర్లించి మూత వేసిన ప్రతిసారీ ఆ మూత ఒకరి మొహం మీద వేస్తున్నట్టే వేశా. ఇప్పుడు నువ్వు చల్లగా పిలిచారు అని రాస్తున్నావు. ఇద్దరు మనుషులు, ఒళ్ళు కాలిపోతున్న ఒకామె, తెలివి ఉన్న ఒకామె, చేతులు పిసుక్కుంటూ కూర్చున్నారా? గోడకున్న స్పీకర్ మిమ్మల్ని దారి తప్పించి ఎక్కడికి తీసుకుపోతుందనుకున్నారు? ఎక్సరే గదికా?

పైన రాసింది కొట్టేద్దామనుకుని కొట్టేయలేదు. ఎందుకంటే అక్కడ నేను కూర్చున్నా పలికేదాన్ని కాదు. దీవెన నన్ను చెవిటిది అన్నది అందుకే. నువ్వు మూసిన నోరు ఇంకా మూసే ఉంది.

ఇంకా ఉంది. చర్చిలో పాడే గొంతు అన్నావు.

దీవెనను అడిగా. ఆ కుర్చీలో ఎప్పటినుంచి ఉన్నావని. "నాలుగేళ్ళయితుంది, ఏం?" అంది. కూర తాలింపు వేస్తోంది. తనకు ముందు ఇంకెవరో ఉన్నారని నేనే అనుకున్నా. ఆమె అట్లా చెప్పనే లేదు. తనలాంటి పిల్ల చేసి ఉండదని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆమె వండిన అన్నం తిన్నా.

అప్పుడు చెప్పా. అమ్మ పేరు చెప్పా, నెల చెప్పా, బెంచీ చెప్పా. దీవెన గరిట పట్టుకుని నిలబడి ఆలోచించింది. తర్వాత ఏమన్నదో తెలుసా?

"యాదికి లేదే పుష్పా."

"ఒకామె నీ బెంచీ మీద సచ్చిపోతే యాదికి లేదా?"

"సచ్చిపోయినామె యాదికున్నది. ఒకామె ఏడ్చుకుంట మొత్తుకున్నది యాదికున్నది. పేరు పిలిచింది యాదికి లేదు. రోజు ఎంతమందిని పిలుస్తనో! పలకనోళ్ళు రోజు ఉంటరు. అందర్ని యాది పెట్టుకుంటరా?"

"పలకకపోతే లేచి చూడవా?"

"లేస్తే ఊకుంటరా? నేను పిలిచిన! రెండుసార్లు పిలిచిన! నోరు తెరిచి ఊ అంటే ఏం పోయేది మీ అమ్మకు?"

అప్పుడు నేను ఆమె జుట్టు పట్టుకోవాల్సింది. మొదటి ఉత్తరంలో అదే కదా రాసింది. చెయ్యి లేవలేదు. ఎందుకంటే తను అన్న చివరి మాట నేను నీకు రాసిన మాటే. కూర మాడిపోయింది. ఇద్దరం తినలేదు. చాప వరండాలో వేసుకుని పడుకుంటున్నా.

ఇంటర్వ్యూకు పోను. ఎవరిని కొట్టాలో తెలియనప్పుడు ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తాను?

పుష్ప


ఇప్పలగూడెం,
24 జూలై 2025

బిడ్డా,

గోదారి రోడ్డెక్కింది. పోస్టాయన వస్తలేడు. నీ దగ్గరకెళ్ళి ఉత్తరం లేదు. కోపంతోని రాస్తలేవనుకుంటున్న. తిట్టాలనుంటే తిట్టు, రాయకుండ మాత్రం ఉండకు. ఈ ఉత్తరం కూరగాయల ట్రాలీ ఆయనతోటి భద్రాచలంల డబ్బాల వేయమని పంపుతున్న.

మొన్నటి ఉత్తరంల ఒకటి తప్పు రాసిన. మూడోసారి పిలవనోళ్ళు మనుషులేనా అన్న గద. ఆ పిలిచిన పిల్లను కాదు, ఆ డబ్బాను అన్న. ఆ పిల్ల ఎదురుంగొచ్చి మొకం చూపిచ్చి పిలిస్తే అక్క మొదటిసారే లేచును. పిల్ల మంచిగనే పిలిచింది. గొంతుల చిరాకు లేదు. ఇంకా ఆడనే పని చేస్తున్నదా? చేస్తుంటే నా పేరు చెప్పి మంచిగున్నవా అని అడుగు.

ఇంకో ముచ్చట. తండా మంగ్లికి నెలలు నిండొస్తున్నయి. కాన్పు కష్టమైతది, ఖమ్మం పోవాలన్నది నర్సమ్మ. మంగ్లి వణుకుతున్నది. "ఆడ మనోళ్ళు ఎవలున్నరు పెద్దమ్మా" అని నా చీర కొంగు ఇడుస్తలేదు. నేను ఏమనాలె? "నా బిడ్డ ఉంటది, అద్దం దగ్గర కుర్చీల కూసుంటది" అన్న. నోట్లకెళ్ళి అదే వచ్చింది. పోవద్దన్నది నేనే, ఉంటదన్నది నేనే. ఇంటర్వ్యూకు పోయినవా లేదా? పోయినవనే అనుకుంటున్న. పోకపోతే మంగ్లికి నేనేం చెప్పను?

మీ చిన్నమ్మ


ఖమ్మం,
4 ఆగస్టు 2025

చిన్నమ్మా,

నీ ఉత్తరం వచ్చింది. నాది నీకు చేరే ఉంటుంది ఈపాటికి. చదివి బాధపడితే పడు, నేను తిరిగి తీసుకోను. నువ్వూ ఏదీ తిరిగి తీసుకోకు.

మున్నేరు పొంగి ఊరు సగం నీళ్ళలో ఉంటే ఇంటర్వ్యూ వాయిదా పడింది. లేకపోతే నీ ఉత్తరం వచ్చేసరికి అది దాటిపోయేది. నువ్వు అడగమన్నది అడిగా. "మా చిన్నమ్మ నువ్వు మంచిగున్నవా అని అడిగింది" అన్నా. దీవెన వాకిట్లో పళ్ళు తోముకుంటోంది. నోట్లో నురగతో నన్ను చూస్తూ నిలబడింది. తర్వాత పంపు తిప్పి చాలాసేపు మొహం కడుక్కుంది. ఇంటర్వ్యూ పొద్దున లేచేసరికి నా చుడీదారు ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంది.

పోయా. రవీందర్ సార్ అని మేనేజర్. చెడ్డవాడు కాదు. నిద్రలేని కళ్ళు. నా కాగితాలు చూశాడు, టైపింగు చేయించాడు. ఇక్కడే ఎందుకు చేయాలనుకుంటున్నావని అడిగాడు. దీవెన నేర్పిన జవాబు ఉంది, పేషెంట్ల సేవ అంటే నాకు ఇష్టం అని. నోరు తెరిస్తే అది రాలేదు.

"మీ మైకుల రెండుసార్లే పిలుస్తరు సార్. మా దిక్కోళ్ళకు అది సాలదు."

"మీ దిక్కంటే?"

చెప్పా. మనిషి కనబడని పిలుపుకు మేం మూడోసారి దాకా పలకమని చెప్పా. అమ్మ సంగతి చెప్పలేదు. రెండేళ్ళు దాచుకున్న మాట, ఆయన మొహాన కొడదామని దాచుకున్నది. అక్కడ కూర్చున్నాక ఆ మొహం సరిపోలేదు.

ఆయన నవ్వలేదు. "ఒక్కొక్కలకు గిట్ల ఒక్కొక్క అలవాటుంటది. అందరికోసం ఆగుకుంట పోతే సాయంత్రం దాక డాక్టర్లు కూసుంటరా? రూల్ రెండే. పాటిస్తవా?"

మంగ్లి నీ కొంగు పట్టుకుని నిలబడ్డట్టు కనబడింది.

"పాటిస్తా సార్" అన్నా. అబద్ధమో నిజమో అప్పటికి నాకే తెలియదు.

ఉద్యోగం వచ్చింది. నా తెలివి చూసి కాదు. జీతం తక్కువని మిగతా ఇద్దరు రానేలేదు.

ఇవాళ దీవెన పక్కన కూర్చుని చూశా. ఆమెకు ఇంకా కొన్నాళ్ళే. మైకు తీసుకుని ఒకసారి పిలుస్తోంది, రెండోసారి పిలుస్తోంది. ఎవరూ లేవకపోతే తర్వాతి పేరు పిలవలేక నా వైపు చూస్తోంది. "ఆ బెంచీ దిక్కు సూడబుద్ధి కాట్లేదు" అంది. నేను చూశా. గోడ పక్క బెంచీ. జనం నిండి ఉంది, ఒక చివర మాత్రం మనిషి పట్టేంత జాగా. నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు గానీ అక్కడ కూర్చోవట్లేదు. పైన ఏసీ నీళ్ళు కారుతాయట. నేను పోయి చెయ్యి పెట్టి చూశా. పొడిగా ఉంది.

మంగ్లిని పంపు.

పుష్ప


ఇప్పలగూడెం,
13 ఆగస్టు 2025

బిడ్డా,

నీ రెండు ఉత్తరాలు ఒక్కపారే వచ్చినయి. ముందటిది చదివి ఏడ్చిన, వెనకటిది చదివి బువ్వ తిన్న. ఎక్సరే గదికా అని రాసినవు చూడు, అది తల్చుకొని నవ్వొచ్చింది గూడ. అక్క ఉంటే నవ్వును.

మంగ్లిని వాళ్ళ ఆయన మంగీలాల్ తోటి పంపుతున్న. నీ గుర్తులన్ని చెప్పిన.

నీకు ఒక్కటే చెప్పేదున్నది. గట్టిగ చెప్తున్న. ఆ డబ్బాల అక్క పేరు పలకకు. ఆటకు గూడ పలకకు, మనసు ఉండబట్టక గూడ పలకకు. రెండు పిలుపులు విని, చీర సర్దుకొని, మూడోదానికి కూసున్న మనిషి ఆమె. ఈడ మన పెరట్ల ఉన్నదో, ఆడ బెంచీ మీద ఉన్నదో నాకు తెల్వదు. మూడోది వింటే లేస్తది. లేస్తే ఎక్కడికి పోతదో, ఎవలు తీస్కపోతరో మనకు తెల్వదు. జాగ్రత్త.

ఎర్రమ్మ


ఖమ్మం,
29 ఆగస్టు 2025

చిన్నమ్మా,

మంగ్లికి ఆడపిల్ల. తల్లీపిల్లా బాగున్నారు. స్ట్రెచర్ మీద వచ్చింది కాబట్టి పేరు పిలవాల్సిన పనే పడలేదు. నన్ను చూసి నొప్పుల్లోనే "నువ్వేనా, ఎర్రమ్మ పెద్దమ్మ బిడ్డవు?" అంది. అవ్ అన్నా. మొదటిసారికే పలికా, చూశావా.

దీవెన వెళ్ళిపోయింది. స్టేషన్ దాకా పోయా. రైలెక్కి కిటికీ ఊచలు పట్టుకుని, "ఆడ గూడ మైకేనంట" అంది.

ఇప్పుడు నేను రాసేది చదివి నువ్వు కోప్పడొద్దు. నువ్వు చెప్పింది నాకు గుర్తుంది. నేను కావాలని చేయలేదు.

రోజూ నేను రెండుసార్లే పిలుస్తున్నా, రూల్ అది. పలకకపోతే మైకు కింద పెట్టి అద్దం పక్కకు తల పెట్టి మొహం చూపించి నోటితో మామూలుగా పిలుస్తా. అది మైకు కాదు కాబట్టి రూల్‌కు తగలదు. లేస్తున్నారు. దుమ్ముగూడెం వాళ్ళు, చర్ల వాళ్ళు లేచి నా వైపే చూస్తూ వస్తారు. రవీందర్ సార్‌కు తెలుసు, చూడనట్టు పోతాడు.

నిన్న మధ్యాహ్నం ఓపీ నిండిపోయింది. నిలబడే జాగా లేదు. పెద్ద సార్లెవరో వచ్చారని రవీందర్ సార్ నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. నేను తెర మీద తర్వాతి పేరు చూశా.

భద్రమ్మ. అరవై రెండేళ్ళు. ఊరు పెనుబల్లి.

మన దిక్కు ఎంతమంది భద్రమ్మలున్నారో, ఒకరు రాకుండా ఉంటారా? ఇన్ని రోజులూ ఎట్లా రాలేదో అని ఇప్పుడు అనుకుంటున్నా. ఆమెకు చీటీ రాసింది పొద్దుటి డ్యూటీ అమ్మాయి. మొహం నాకు తెలియదు.

పిలిచా. గొంతు బాగానే వచ్చింది. ఎవరూ లేవలేదు.

రెండోసారి పిలిచా. బెంచీలన్నీ చూశా. ఎవరూ కదల్లేదు. గోడ పక్క బెంచీ చివర ఆ జాగా అట్లాగే ఉంది. ఊరంతా నిలబడి ఉంది, అక్కడ ఎవరూ కూర్చోలేదు.

"నెక్స్ట్" అన్నాడు రవీందర్ సార్ వెనకనుంచి.

అద్దం పక్కకు తల పెట్టి చూస్తే ముందర జనం గోడలాగా ఉన్నారు. ఎవరి మొహమూ కనబడదు, నాది ఎవరికీ కనబడదు. నోటితో పిలిస్తే వినబడదు. మైకు ఒక్కటే ఉంది. తర్వాతి పేరు పిలవొచ్చు. దీవెన అదే చేసింది, ఆమె తప్పేమీ లేదు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. పిలవకపోతే పెనుబల్లి నుంచి వచ్చిన ఒకామె, ఎవరి తల్లో, ఎవరి అక్కో, అది తన పిలుపు కాదనుకుని కూర్చుంటుంది. పిలిస్తే ఏం లేస్తుందో నాకు తెలియదు.

మైకు దగ్గరికి లాక్కుని, "భద్రమ్మా" అన్నా. మూడోసారి. టోకెన్ నెంబరు చెప్పలేదు, గది నెంబరు చెప్పలేదు. ఇంట్లో పిలిచినట్టు వచ్చింది.

హాలంతా నా వైపు తిరిగింది. వెనక వరసలో ఒకామె లేచింది. నల్లగా, పొట్టిగా, చేతిలో ఒక్క చెప్పు.

"వస్తున్ననే పిల్లా! ఏందట్ల గొంతు చించుకుంటున్నవ్? చెప్పు ఎవడో కాలితోని తన్నిండు, దేవులాడుకోవద్దా? సావనీకి వచ్చినమా, సూపిచ్చుకోనీకి వచ్చినమా?"

జనం నవ్వారు. ఆమె జనాన్ని తోసుకుంటూ, రెండో చెప్పు కోసం ఇంకా నేల చూస్తూ, ఒకటో నెంబరు గది వైపు పోయింది. రవీందర్ సార్ వంగి నా చెవిలో, "డ్యూటీ అయినంక నా రూముకు రా" అని వెళ్ళిపోయాడు. పోయా. ఇంకోసారి అట్లా చేస్తే తీసేస్తానన్నాడు. చేస్తానని చెప్పి వచ్చా. ఇవాళ కూడా కుర్చీలోనే ఉన్నా, రేపటిది తెలియదు.

కానీ నీకు రాయాలనుకున్నది అది కాదు.

గది తలుపు దగ్గర లాల్‌సింగ్ అని అటెండరు నిలబడతాడు. పేషెంటు లోపలికి పోగానే టక్కున తలుపు వదిలేస్తాడు, ఒక్కోసారి ముసలివాళ్ళ చీర కొంగు కూడా ఇరుక్కుంటుంది. నిన్న ఆ పెనుబల్లి ఆమె లోపలికి పోయాక కూడా తలుపు అట్లాగే పట్టుకుని ఉన్నాడు. కొంచెం పక్కకు కూడా జరిగాడు. ఇంకో మనిషి నెమ్మదిగా దాటి పోయేంతసేపు పట్టుకుని, అప్పుడు వదిలాడు.

ఎందుకని నేను అడగలేదు. గోడ పక్క బెంచీ వైపు చూస్తే, చంటిపిల్లతో ఒకామె ఆ చివరన కూర్చుని పాలు పడుతోంది.

నేను తర్వాతి పేరు పిలిచా.

పుష్ప